గంట కొట్టే పని

ఆంథోని గురించి పాల్వంచలో ఎవరినైనా అడిగితే "ఎవరు, ఆ గేముల షాపాయనా?" అని పెదవి విరిచేవాళ్ళు. పిల్లల్ని చెడగొట్టే దుకాణం పెట్టుకున్న మనిషి అన్న పేరు తప్ప ఊళ్ళో అతనికి వేరే పేరు లేదు. చాలాకాలం నా అభిప్రాయం కూడా అదే. నా మందుల షాపు, అతని వీడియో గేముల షాపు ఒకే గోడకు అటొకటి ఇటొకటి. ఆ గోడ అవతల పొద్దస్తమానం తుపాకులు పేలుతుంటే ఇవతల నేను బీపీ మాత్రలు అమ్ముకునేవాణ్ణి. కొనడానికి వచ్చినవాళ్ళకంటే నాకే వాటి అవసరం ఎక్కువగా కనిపించేది.

అతను మొదట టీవీ మెకానిక్. బాగుచేయించుకోవడానికి ఇచ్చి మళ్ళీ తీసుకుపోని టీవీలు కొన్ని షాపులో మిగిలిపోతే, వాటికి గేము డబ్బాలు తగిలించాడు. థర్మల్ కాలనీ పిల్లలు బడి వదలగానే సంచులు భుజాన ఉండగానే వచ్చి పడేవాళ్ళు. తర్వాత కాలేజీ కుర్రాళ్ళ కోసం పాత కంప్యూటర్లు తెచ్చాడు. నేను గోడ మీద కొట్టి "ఆంథోనీ, సౌండ్ తగ్గియ్యవయ్యా" అని అరిచేవాణ్ణి. "సరే రమణన్నా" అనేవాడు. తగ్గించేవాడు కూడా. దాంతో నాకు మరింత చిరాకు. తగ్గించిన సౌండులో అసలేం పేలుతోందో తెలియక చెవులు రిక్కించాల్సి వచ్చేది.

అతని భార్య సవరమ్మ కాలనీలో ఒక బడిలో ఆయా. ఆంథోనికి సొంత మేనమామ కూతురు. ఆమె పుట్టిన రోజే పెద్దవాళ్ళు ఈ పిల్ల ఆంథోనిది అని అనేసుకున్నారు. పెద్దయ్యాక ఇద్దరూ కూడా సంతోషంగానే ఒప్పుకున్నారు. మాటకు ముందొక బావా, వెనకొక బావా లేకుండా సవరమ్మ మాట్లాడగా నేను వినలేదు. "మా బావకు సోల్డరింగ్ వాసన లేకుంటే అన్నం దిగదన్నా" అని నా షాపు మెట్ల మీద నిలబడి ఆటపట్టించేది. అతను గోడ అవతల నుంచే నవ్వేవాడు.

వాళ్ళకు అక్సా పుట్టింది. నెలలు గడిచేకొద్దీ పిల్ల తెల్లబడుతూ వచ్చింది. చుట్టాలు మురిసిపోయారు. తల్లి నలుపు, తండ్రి నలుపు, పిల్ల చూడు పాలలో ముంచి తీసినట్టుంది అన్నారు. నాయనమ్మ దిష్టి తగులుతుందని రోజూ బుగ్గన పెద్ద కాటుక చుక్క పెట్టేది. ఫోటో స్టూడియోకు తీసుకువెళ్ళి ఫోటో కూడా తీయించారు. రక్తం లేక పాలిపోయిన బిడ్డను చూసి మనవాళ్ళు దొరసాని అని మురిసిపోతారు. తెలుపు మీద మనకున్న మోజు అలాంటిది. ఏడాది నిండకముందే పిల్ల పాలు తాగడానికి కూడా ఆయాసపడుతుంటే ఖమ్మం తీసుకువెళ్ళారు.

డాక్టరు రక్తపరీక్షలు చేయించి, మేనరికమా అని అడిగాడట. అవునన్నారు. జబ్బు పేరు తలసేమియా. తల్లిదండ్రులిద్దరి రక్తంలోనూ ఆ లోపం ఉంది, విడివిడిగా ఇద్దరినీ అది ఏమీ చేయదు, బిడ్డకు రెండు వైపుల నుంచీ వచ్చింది, ఒంట్లో రక్తం నిలవదు, కొన్ని వారాలకోసారి ఎక్కిస్తూ ఉండాల్సిందే అని చెప్పాడట. బయటి సంబంధాల్లోనూ వస్తుందనీ, మీ తప్పేం లేదనీ కూడా చెప్పాడట. ఆ చివరి మాట సవరమ్మ చెవికెక్కలేదు. ఖమ్మం నుంచి తిరిగొచ్చిన రోజు నుంచి ఆమె భర్తను బావా అని పిలవడం మానేసింది. అక్సా నాయినా అని పిలిచేది. దెబ్బలాడుకున్నది లేదు, ఒకరినొకరు అన్నది లేదు, ఆ పిలుపొక్కటి ఇంట్లోంచి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి నెల తిరక్కుండా ఖమ్మం ప్రయాణం. అక్కడ ఇలాంటి పిల్లలకు రక్తం ఎక్కించే కేంద్రం ఒకటి ఉండేది. పొడుగాటి గది, వరుసగా మంచాలు. పసిచేతికి అట్టముక్క కట్టి సూది పెడతారు. చుక్కచుక్కగా ఎక్కుతుంది, పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాటుతుంది. మూడేళ్ళ పిల్లను అంతసేపు కదలకుండా పట్టుకోవడమంటే మాటలా? అక్సా ఆ వీధి మలుపు దగ్గరికి రిక్షా వచ్చేసరికే ఏడుపు మొదలుపెట్టేది. ఎత్తుకున్న తండ్రి చొక్కా పిడికిట్లో పట్టుకుని వదిలేది కాదు.

మందులవాణ్ణి కాబట్టి ఆంథోని నా దగ్గర దాచేవాడు కాదు. ఎక్కించిన రక్తంలోని ఇనుము ఒంట్లో పేరుకుపోతుంది, గుండెకు, కాలేయానికి పడుతుంది, దాన్ని తీసే మందు వాళ్ళలాంటివాళ్ళకు అందేది కాదు. ఇవన్నీ నాకు తెలుసని అతనికి తెలుసు. ఒకరోజు షట్టరు దించి నా షాపులోకి వచ్చి కూర్చున్నాడు.

"రమణన్నా, ఎన్నేండ్లు ఉంటదో దేవుని ఇష్టం. నేను అడగ. ఉన్నన్ని దినాలు మాత్రం దానికి భయం తెల్వద్దు. ఇది పెద్ద జబ్బు అని తెల్వద్దు. గంతే. ఇంకేం వద్దు నాకు" అన్నాడు.

నేను అన్నింటికీ ఏదో ఒకటి అనే మనిషిని. ఆ రోజు కూడా అన్నాను. "పిల్లలకేం తెలుస్తదయ్యా, ఆటలో పడితే అన్నీ మర్చిపోతరు" అన్నాను. ఊరికే అన్న మాట. ఆంథోని దాన్ని పట్టుకున్నాడు.

గేముల షాపుల్లో ఒక అలవాటు ఉంటుంది. చిన్నపిల్లలు నాకూ నాకూ అని ఏడిస్తే, పెద్దపిల్లలు వైరు తగిలించని రిమోట్ ఒకటి చేతికిచ్చి నువ్వూ ఆడుతున్నావురా అంటారు. చిన్నవాడు మీటలన్నీ నొక్కుతూ, తెర మీద పరుగెత్తేది తన బొమ్మే అనుకుంటాడు. ఆంథోని కూడా మొదట అదే చేశాడు. చిన్న టీవీ, గేము డబ్బా ఖమ్మం మోసుకువెళ్ళి, తను కారు నడుపుతూ అక్సా చేతికి ఉత్త రిమోట్ ఇచ్చాడు. ఆ పిల్ల కాసేపు నొక్కింది. తర్వాత వేలు తీసేసి చూసింది. కారు పోతూనే ఉంది. రిమోట్‌ను మెల్లగా మంచం మీద పెట్టేసి గోడవైపు తిరిగింది. మళ్ళీ ముట్టుకోలేదు.

ఆ రోజు రాత్రి బస్సు దిగి ఇంటికి పోతూ నాతో అన్నాడు. "సూది కన్నా గదే ఎక్కువ నొప్పి పెట్టిందన్నా దానికి. నేను చూసిన."

తర్వాత వేరే పద్ధతి పట్టాడు. కారును ముందుకు నడిపే మీట మీద రబ్బరు బ్యాండు చుట్టేశాడు. కారు దానంతటదే పోతుంది, ఇక కుడికీ ఎడమకీ తిప్పడమే పిల్ల పని. రెండో చేతికి సూది ఉన్నా ఒక చేత్తో ఆడొచ్చు. గోడకు గుద్దుకుంటే గుద్దుకుంది, తిరిగితే తిరిగింది. ఏదైనా అది ఆమె తిప్పినదే. అక్సా ఈసారి రిమోట్ వదల్లేదు. పక్క మంచాల పిల్లలు మెడలు సాచి చూశారు.

అయితే ఆ పిల్లకు కార్ల మీద మోజు ఎక్కువ కాలం నిలవలేదు. షాపులో కాలేజీ కుర్రాళ్ళు ఆడే కంప్యూటర్ ఆట ఒకటుంది. అడవి మధ్య ఒక ఊరు కట్టాలి. చిన్నచిన్న మనుషులు కట్టెలు కొడతారు, పొలం దున్నుతారు, పండ్లు ఏరుతారు. ఉన్నట్టుండి శత్రువుల గుర్రాలు వచ్చి పడతాయి. ఇంటర్ చదివే వాళ్ళే కీబోర్డు చూసుకుంటూ, ఇంగ్లీషు చదువుకుంటూ తడబడే ఆట అది. నాలుగేళ్ళు కూడా నిండని అక్సా వాళ్ళ మోచేతుల కింద నిలబడి గంటలు గంటలు చూసేది.

"నాయినా, ఆ అమ్మ బుట్ట పట్టుకొని ఏడికి పోతుంది?"

"పండ్లు ఏరనీకి తల్లీ."

"నాకు గా ఊరు కావాలె. కార్లు వద్దు."

ఆంథోని ఎన్నో రోజులు దాని మీదే తలపట్టుకున్నాడు. ఆటను చిన్నది చేస్తే అది ఆ ఊరు కాదు. పెద్దదిగానే ఉంచితే పిల్ల చేతికి అందదు. చివరికి ఆటను అలాగే ఉంచి, పనులు పంచాడు. ఊళ్ళో అందరూ అన్ని పనులూ చేయరు కదా, ఒకరికి ఒక పని, అదే ఇక్కడా అన్నాడు. పాడైన కీబోర్డు విప్పి లోపలి పలక తీశాడు. ఏ రెండు చోట్లు కలిస్తే ఏ మీట నొక్కినట్టో వెతికి, అక్కడ పొడుగాటి వైర్లు అతికించాడు. వైర్ల చివర ఇళ్ళ గుమ్మాల దగ్గరుండే కాలింగ్ బెల్ స్విచ్చులు బిగించాడు. పసిపిల్ల అరచేయంత గుండ్రటి చెక్క, మధ్యలో ఒకటే మీట. ఒక్కో పిల్ల చేతిలో ఒక్కో స్విచ్చు. మౌసు మాత్రం ఆంథోని దగ్గర.

దాన్ని ఖమ్మం తీసుకువెళ్ళిన రోజు నేనూ ఉన్నాను, రక్తం ఇవ్వడానికి. కంప్యూటర్ డబ్బా దుప్పట్లో చుట్టి, టీవీలాంటి ఆ మానిటర్‌ను వడ్ల బస్తాలో గడ్డి పెట్టి కుట్టేశాడు. కండక్టర్ దాన్ని తన్ని చూడబోతే ఇద్దరం ఒకేసారి అరిచాం. ఏన్కూరు దాకా అది నా ఒళ్ళోనే ఉంది. నా మోకాళ్ళు ఇప్పటికీ సరిగ్గా లేవంటే అదొక కారణం.

కేంద్రంలో నర్సు సిస్టరు వైర్లు చూసి హడలిపోయింది. "ఏందయ్యా ఇది? రక్తం ఎక్కుతుంటే పిల్లలకు షాక్ కొడితే ఎవరు జవాబు చెప్తరు?" అంది. ఆంథోని వైరు కొసలు రెండూ తన నాలుక మీద పెట్టుకుని నిలబడ్డాడు. సిస్టరు నవ్వాపుకోలేక బల్ల ఇప్పించింది.

ముగ్గురు పిల్లలకు పనులు దొరికాయి. కారేపల్లి దగ్గరి తండా నుంచి వచ్చే తుల్సీరాం ఐదేళ్ళవాడు, బుగ్గలు బూరెల్లా ఉండేవాడు. వాడిది కట్టెలు కొట్టించే పని. వాడు స్విచ్చు నొక్కితే కట్టెలు కొట్టే మనుషులు ఎంపికవుతారు, ఎటు పోవాలో ఆంథోని మౌసుతో చూపిస్తాడు. పినపాక వైపు కోయగూడెం పిల్ల జంపక్కది వేరే రక్తజబ్బు, అయినా మంచం అక్కడే. ఆమెది పొలం. అక్సాది గంట. గుర్రాలవాళ్ళు అడవి అంచున కనబడగానే నొక్కాలి. గంట మోగుతుంది, జనమంతా పనులొదిలి ఇళ్ళలోకి పరుగెత్తుతారు. నొక్కకపోతే చచ్చిపోతారు.

తుల్సీరాంకు లంబాడీ మాట, జంపక్కకు కోయ మాట, అక్సాకు తెలుగు. తెర మీదున్నది ఇంగ్లీషు. ముగ్గురూ ఎవరి మాటలో వాళ్ళు అరిచేవాళ్ళు, ఒకరిది ఒకరికి ఎలా తెలిసేదో గానీ తెలిసేది.

మొదటిసారి గుర్రాలు వచ్చినప్పుడు అక్సా జంపక్క పొలం వైపు చూస్తూ మర్చిపోయింది. ఆంథోనికి గుర్రాలు కనిపించాయి. నేనైతే "కొట్టు కొట్టు" అనేవాణ్ణి, అనబోయాను కూడా. అతను నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఊరు సగం పోయింది. బుట్ట పట్టుకున్న అమ్మ కూడా పోయింది. అక్సా వెక్కివెక్కి ఏడ్చింది.

సవరమ్మ మండిపడింది. "సూదికి ఏడ్చింది చాలదా? ఆటల గూడ ఏడ్పిస్తవా అక్సా నాయినా?"

"నేను చెప్పి కొట్టిస్తే గది నా ఆట అయితది. దానిది కాదు" అన్నాడు ఆంథోని. గొంతు పెంచలేదు. అతనికి కోపం వచ్చినా, బాధ వచ్చినా గొంతు తగ్గేది.

నాకు అతని మొండితనం నచ్చలేదు. అదే మాట చెప్పాను కూడా. కానీ ఆ తర్వాతి నెల వెళ్ళినప్పుడు అక్సా తెర మీంచి చూపు తిప్పలేదట. అడవి అంచున ఎర్రటి చుక్క కదలగానే నొక్కింది. గంట మోగింది. జనమంతా ఇళ్ళలో దూరారు, ఒక్కడూ పోలేదు. గుర్రాలు ఖాళీ వీధుల్లో తిరిగి తిరిగి వెళ్ళిపోయాయి. ముగ్గురూ కేకలు పెట్టారు. తుల్సీరాం సూది ఉన్న చెయ్యి ఎత్తబోతే సిస్టరు పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. ఆ రోజు రక్తం సంచి ఖాళీ అయిపోతే అక్సా ఇంకొకటి పెట్టమని అడిగింది. ఆ మాట చెబుతూ ఆంథోని నా షాపులో నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఏడాదిన్నర పైనే అలా నడిచింది. కంప్యూటర్‌ను ఇక మోయకుండా కేంద్రంలోనే ఉంచేశాడు. పిల్లలందరికీ ఒకే రోజు వచ్చేలా సిస్టరు తేదీలు సర్దింది. రిక్షా మలుపు తిరిగేటప్పుడు అక్సా ఏడవడం మానేసింది, తుల్సీ వచ్చాడో లేదో అని మెడ సాచి చూసేది. తుల్సీరాం వాళ్ళ తండా నుంచే మంగ్లి అనే ఆమె తన కూతురు లాలిని పరీక్షలకు తెచ్చేది, దానికింకా రక్తం ఎక్కించే అవసరం రాలేదు. లాలి మరీ చిన్నది, మాటలు అప్పుడప్పుడే వస్తున్నాయి. దానికి పనేమీ లేదు, అక్సా మంచం మీద కాళ్ళ దగ్గర కూర్చుని చూసేది. అక్సా దానికి అన్నీ పెద్దదానిలా వివరించేది.

ఒక వానాకాలం తుల్సీరాం రాలేదు. తండాలో జ్వరాలు తగిలాయి. రోడ్డు తెగిపోయి బండి దాటలేదు. మంగ్లి కేంద్రం బయట టీ బండి దగ్గర ఆంథోనికి ఆ సంగతి చెప్పింది. తుల్సీ పోయి వారం దాటిందట. చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆంథోని టీ గ్లాసు బండి మీద పెట్టేశాడు. ఆ రోజూ నేను రక్తం ఇవ్వడానికి వచ్చి ఉన్నాను.

"పిల్లలకు చెప్పకండ్రి. మంగ్లక్కా, నీకు దండం పెడ్త. ఎవ్వరూ చెప్పొద్దు" అన్నాడు.

లోపల పిల్లలు స్విచ్చులు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. తుల్సీ స్విచ్చు ఖాళీ మంచం మీద ఉంది. వాడు లేకుండా ఆడనని జంపక్క మొండికేసింది. అక్సా తండ్రిని అడిగింది.

"తుల్సీ ఏడి నాయినా? కట్టెలు ఎవరు కొడతరు?"

పిల్ల చేతిలో ఉత్త రిమోట్ పెట్టినందుకు అంత బాధపడిన మనిషి, ఆ రోజు నా కళ్ళముందు పచ్చి అబద్ధం ఆడాడు. "తుల్సీకి జ్వరం తల్లీ. రాలే. తండాలకే వైరు గుంజిన. ఇంట్ల మంచం మీద పండుకొనే ఆడుతడు. చూస్తుండు, ఇప్పుడు కొడతడు."

అని బల్ల మీద దుప్పటి కిందికి జార్చి, దాని చాటున ఇంకో కీబోర్డు ఒళ్ళో పెట్టుకున్నాడు. కుడిచేత్తో మౌసు, ఎడమచేత్తో చాటుగా తుల్సీ మీట. తెర మీద కట్టెలు కొట్టేవాళ్ళు కదిలారు. జంపక్క చప్పట్లు కొట్టబోయి సూది గుర్తొచ్చి ఆగింది. అక్సా తండ్రి ముఖం వంక చూసింది. తర్వాత తెర చూసింది. నవ్వింది.

"తుల్సీ మంచిగ కొడుతుండు" అంది.

తిరుగు ప్రయాణంలో అక్సా సీట్లో నిద్రపోయాక సవరమ్మ మెల్లగా అంది. "దానికి తెల్సిందేమో."

"లే. నవ్వింది గద. నువ్వు చూడలేదా?" అన్నాడు ఆంథోని.

నేను కూడా చూశానన్నాను. నమ్మాననే చెప్పాను.

అప్పటినుంచి ఖమ్మం వెళ్ళినప్పుడల్లా తుల్సీరాం తండా నుంచి కట్టెలు కొడుతూనే ఉన్నాడు. అక్సా ఒక్కసారి కూడా వాడెప్పుడొస్తాడని అడగలేదు. ఆంథోని దాన్ని తన గెలుపుగా లెక్కేసుకున్నాడు. పిల్ల మర్చిపోయింది రమణన్నా, మంచిదైంది అన్నాడు.

అక్సాకు ఆరేళ్ళు దాటాయి. పొట్ట ఉబ్బింది, మెట్లెక్కితే రొప్పేది. ఎండాకాలం కాలేజీలు మూసేస్తే రక్తమిచ్చేవాళ్ళు దొరకరు. ఆంథోని షాపులో తుపాకులు పేల్చే కుర్రాళ్ళే బస్సెక్కి పోయి ఇచ్చారు. వాళ్ళను నేనెంత తిట్టానో తలచుకుంటే ఇప్పుడు మొహం చెల్లదు. రక్తం అయితే దొరికింది, కానీ గుండె అలసిపోయింది. తొలకరి వానలు పడే రోజుల్లో, ఖమ్మంలో, పెద్దాస్పత్రిలో పోయింది. సవరమ్మ పక్కనే ఉంది. ఆంథోని బయట మందుల కోసం పోయి ఉన్నాడు. తిరిగొచ్చేసరికి అయిపోయింది.

పాల్వంచ క్రైస్తవుల శ్మశానంలో పెట్టారు. వాన పడుతోంది, గుంటలో నీళ్ళూరుతుంటే కుర్రాళ్ళు బకెట్లతో తోడారు. అంత చిన్న పెట్టెను నేనింకెప్పుడూ చూడకూడదనుకున్నాను. ఫాదర్ ప్రార్థన చదువుతున్నంతసేపూ ఆంథోని ఏడవలేదు. సవరమ్మతో ఒక్కటే మాట అన్నాడు. "భయపడకుండ పోయింది. గది చాలు." ఆమె తలూపింది. ఆ మాట పట్టుకునే ఇద్దరూ నిలబడ్డారని నాకు తెలుస్తూనే ఉంది.

షాపు మూతపడింది. గోడ అవతల నిశ్శబ్దం. ఎన్నో ఏళ్ళుగా నేను కోరుకున్న నిశ్శబ్దమే అది, పొద్దున్నుంచీ భరించలేక రేడియో పెట్టుకునేవాణ్ణి. కేంద్రం నుంచి సిస్టరు నా షాపు ఫోనుకు చేసేది. పిల్లలు ఆట అడుగుతున్నారు, ఆంథోనిని ఒకసారి పంపించండి అని.

చెబితే ఆంథోని నా మీద విరుచుకుపడ్డాడు. "పోయి ఏం చెప్పాలన్నా? అక్సా గూడ ఇంటికాడి నుంచే ఆడుతుందని చెప్పాల్నా? దాని గంట గూడ నేనే కొట్టాల్నా?"

కొన్నాళ్ళకు తనే వచ్చి, ఆ కంప్యూటర్ తెచ్చేసుకుంటా, తోడు రమ్మన్నాడు. వెళ్ళాం.

గదిలో జంపక్క ఉంది, కిటికీ పక్క మంచం మీద లాలి ఉంది. లాలికి కూడా ఇప్పుడు రక్తం ఎక్కించాల్సి వచ్చింది, చేతికి అట్టముక్క, పక్కన మంగ్లి. కంప్యూటర్ మీద సిస్టరు తెల్లగుడ్డ కప్పి ఉంచింది. ఆంథోని ఎవరి వంకా చూడకుండా వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. ఒక వైరు ఎంత లాగినా రాలేదు. దాని కొస లాలి పిడికిట్లో ఉంది.

"గంట నాది" అంది లాలి.

"ఇచ్చెయ్యే, మామది గది" అని మంగ్లి కసిరింది.

"నాదే. అక్సక్క ఇచ్చింది."

ఆంథోని చేతులు ఆగిపోయాయి. ఎప్పుడిచ్చిందని అడిగాడు. లాలికి తెలుగు అంతగా రాదు, లంబాడీలో గబగబా ఏదో చెప్పింది. మంగ్లి వింటూ వింటూ ముఖం తిప్పేసుకుంది. ఏమందో చెప్పమని ఆంథోని అడిగాడు. చెప్పనంది. మళ్ళీ అడిగాడు.

"ఇది ఎప్పటినుంచో ఇంట్ల గూడ గిదే చెప్తదన్నా. పిల్ల మాటలని నేను పట్టించుకోలే" అంది మంగ్లి. "తుల్సీ పోయిన సంగతి తండాల చూసి ఇదే అక్సాకు చెప్పినట్టుంది. తుల్సీ చచ్చిపోయిండు, మా నాయినే దుప్పటి కింద కట్టెలు కొడుతుండు అని చెప్పిందంట అక్సా. మనకు తెల్సినట్టు నాయినకు చెప్పకు, ఏడుస్తడు అన్నదంట. నాకు గూడ తుల్సీకి వచ్చిందే వచ్చింది, నేను రాని నాడు గంట నువ్వు కొట్టు అని దీనికి నేర్పించిందంట."

"ఎప్పుడు?" ఆంథోని గొంతు దాదాపు వినిపించలేదు.

"తుల్సీ రాలే జూడు, ఆ దినమే."

ఆంథోని నేల మీద కూర్చుండిపోయాడు. శ్మశానంలో ఏడవని మనిషి అక్కడ, ఆ పిల్లలందరి ముందు, నోరు తెరిచి ఏడ్చాడు. జంపక్క భయపడి దుప్పటి మీదికి లాక్కుంది. లాలి మాత్రం స్విచ్చును పిడికిట్లో మరింత గట్టిగా పట్టుకుంది. కంప్యూటర్ అక్కడే వదిలేసి వచ్చాం. లాలి చేతిలోంచి దాన్ని తీసే ధైర్యం ఇద్దరికీ లేదు.

బస్సు జూలూరుపాడు దాటాక అతను నా వైపు తిరిగాడు.

"దానికి భయం తెల్వద్దనే గద అన్నా నేను అబద్ధం ఆడింది. నేను చెప్పి ఉంటే నా మెడ పట్టుకొని ఏడ్చేది. అన్ని నెలలు, పక్కన నేనుండంగ, ఒక్కతే భయపడ్డది."

అన్నింటికీ ఏదో ఒకటి అనే మనిషినని చెప్పాను కదా. చాలా వెతికాను. ఏమీ దొరకలేదు. పాల్వంచలో బస్సు దిగాక అతను ఇంటివైపు కాకుండా శ్మశానం వైపు నడిచాడు. ఇంట్లో సవరమ్మకు ఈ సంగతి చెప్పాలో వద్దో మాకిద్దరికీ తెలియలేదు.